బీబీసీ మైక్రో మీద ఆరో తరగతికి బేసిక్ ప్రోగ్రామింగ్: ఎలా మొదలుపెట్టాలి?

లెక్కల_మాస్టారు:
స్కూలు స్టోర్‌రూమ్‌లో బీబీసీ మైక్రో మోడల్ బి (1980ల నాటి బ్రిటిష్ కంప్యూటర్) దొరికింది. 1984 నాటి 'క్లాస్' (స్కూళ్లలో కంప్యూటర్ విద్య) ప్రాజెక్టు కింద వచ్చినదై ఉండాలి. నేరుగా ఆన్ చేయొచ్చా? టీవీకి ఎలా కలపాలి? ఎనిమిది మంది పిల్లలు, వారానికి ఒక గంట. మొదటి క్లాసులో ఏం చేయించాలి?

టంకం_పొగ:
మాస్టారూ, ప్లగ్గు ఇప్పుడే పెట్టకండి. ముందు పవర్ సప్లై విప్పించి చూడండి. లోపల కరెంటు లైనుకు అడ్డంగా రెండు రీఫా కంపెనీ కెపాసిటర్లు ఉంటాయి, 0.1, 0.01 మైక్రోఫారడ్‌వి. పైపెంకు బీటలు వారి తేమ చేరి ఉంటుంది. కాసేపు బాగానే నడుస్తుంది, తర్వాత గదంతా పొగ. అవే విలువల్లో ఎక్స్2 రకం (కరెంటు లైను మీద వాడే సేఫ్టీ రకం), 275 వోల్టుల ఏసీవి వేయించండి. మామూలు డిస్క్ కెపాసిటర్ చాలంటే ఒప్పుకోవద్దు. ప్లగ్గు తీశాక కూడా లోపల ఛార్జ్ నిలుస్తుంది, కాబట్టి పని తెలిసిన మెకానిక్‌కే ఇవ్వండి.

టీవీకైతే మెషీన్ వెనకున్న బీఎన్‌సీ (గుండ్రటి వీడియో) సాకెట్ నుంచి ఆర్‌సీఏ అడాప్టర్‌తో టీవీ పసుపు వీడియో సాకెట్‌కు కలపండి. బొమ్మ నలుపు తెలుపులో వస్తే కంగారు పడకండి, ఆ సాకెట్ మామూలుగా ఇచ్చేదే అది. శబ్దం మెషీన్ సొంత స్పీకర్ నుంచే వస్తుంది.

సరళీ_వరుస:
పేరు ప్రింట్ చేయించడంతో మొదలుపెడితే పది నిమిషాల్లో ఆవులింతలే. సౌండ్‌తో మొదలుపెట్టండి. (ఇక్కడ తెలుగులో రాస్తున్నా, మెషీన్‌లో ఇంగ్లిష్ పెద్దక్షరాల్లోనే కొట్టాలి. చిన్నక్షరాలైతే 'మిస్టేక్' అంటుంది.)

10 ఫర్ ఐ=1 టు 8
20 రీడ్ పి
30 సౌండ్ 1,-15,పి,10
40 నెక్స్ట్
50 డేటా 53,57,69,73,81,85,97,101

సౌండ్ తర్వాతి నాలుగు అంకెలు వరసగా ఛానెల్, గట్టితనం (-15 అంటే పూర్తిగా), స్వరం ఎత్తు (పిచ్), సెకనులో ఇరవయ్యో వంతుల్లో నిడివి. ఒక్కో స్వరస్థానానికి పిచ్ అంకె 4 పెరుగుతుంది. పై డేటా మాయామాళవగౌళ. 57ని 61, 85ని 89 చేయమనండి, శంకరాభరణం అవుతుంది. సంగీతం క్లాసుకెళ్లే పిల్ల ఒక్కరున్నా చాలు, మిగతా రాగాలు వాళ్లే లెక్కకట్టేస్తారు.

రెండు చోట్ల తడబడతారు. 'స స' అని వరసగా వేస్తే ఒకే పొడవు స్వరంలా వినిపిస్తుంది, మధ్యలో సౌండ్ 1,0,0,1 పెట్టాలి. స్వరం పేరు ప్రింట్ చేయిస్తే అక్షరాలు పాటకంటే ముందే పరుగెడతాయి, ఎందుకంటే మెషీన్ స్వరాలను క్యూలో పెట్టుకుని ప్రోగ్రామ్‌ను ముందుకు వదిలేస్తుంది. 30 తర్వాత ఇది చేర్చండి:

35 టి=టైమ్: రిపీట్ అంటిల్ టైమ్-టి>=50

టైమ్ సెకనులో నూరో వంతుల్లో లెక్కిస్తుంది, కాబట్టి 50 అంటే సరిగ్గా ఆ స్వరం నిడివే.

లెక్కల_మాస్టారు:
బాగుంది. టేప్ రికార్డర్ లేదు, ప్రోగ్రాములు ఎలా దాచాలి? ఎనిమిది మందికి ఒకటే కీబోర్డు కదా?

టంకం_పొగ:
నోటు పుస్తకంలోనే దాచమనండి, ఈ సైజు ప్రోగ్రామ్‌కు టేప్ దండగ. ల్యాబ్ కంప్యూటర్ల బ్రౌజర్‌లో జేఎస్‌బీబ్ ఎమ్యులేటర్ (బీబీసీ మైక్రోలా నడిచే ప్రోగ్రామ్) తెరిస్తే మిగతావాళ్లు అక్కడే కొట్టుకుంటారు. ఎవరో ఒకరు బ్రేక్ కీ నొక్కేస్తారు, ప్రోగ్రామ్ పోయిందని ఏడుస్తారు. కొత్త లైనేదీ కొట్టకముందే 'ఓల్డ్' అని కొడితే తిరిగొస్తుంది. కరెంటు పోతే మాత్రం నోటు పుస్తకమే గతి.

సరళీ_వరుస:
బొమ్మలకు వెళ్లేటప్పుడు ముందు మోడ్ 4 (గీతలు గీయగల స్క్రీన్ రకం) పెట్టించండి. ఆన్ చేయగానే వచ్చే మోడ్ 7లో గీత గీసే 'డ్రా' కొడితే గీత పడదు, తప్పని కూడా చెప్పదు.