ఫిట్స్ వచ్చినప్పుడు ముక్కుల కొట్టే స్ప్రే: ఎవరన్నా వాడిండ్రా?

దేవరకొండ అమ్మ:
మా బాబుకు నాలుగేండ్లు, 15 కిలోలు. ఫిట్స్ వస్తున్నయ్. డాక్టరు మిడాజోలం స్ప్రే రాసిండు. మాది తండా, రాత్రిపూట 108 వచ్చేసరికి చానా సేపైతది. ఎట్ల కొట్టాలె? నిజంగ ఆగుతదా?

పాలమూరు సిస్టర్:
ఎక్కువసార్లు ఆగుతది అక్కా. ఫిట్స్ మొదలుకాంగనే గడియారం చూడు. చానావరకు రెండు మూడు నిమిషాలల్ల దానంతటదే తగ్గుతది. 5 నిమిషాలు దాటితే కొట్టాలె. మామూలు లెక్క కిలోకు 0.2 మిల్లీగ్రాములు, అంటే మీ బాబుకు 3 మిల్లీగ్రాములు. ఒక్కసారి నొక్కితే 0.5 మిల్లీగ్రాములు వచ్చే సీసా అయితే ఒక్కో ముక్కురంధ్రంల మూడుసార్లు. 1.25 వచ్చే సీసాలు గూడ ఉన్నయ్, సీసా మారితే లెక్క మారుతది. అందుకే డాక్టరు చీటీల రాసిందే ఖాయం. కొట్టినంక పక్కకు తిప్పి పండవెట్టు, ఊపిరి చూస్తుండు. తగ్గకపోతే, ఊపిరి మందగిస్తే దవాఖానకు ఉరకాలె. 108కి ముందే ఫోన్ కొట్టుండ్రి.

మిర్యాలగూడ నాన్న:
మా బిడ్డకు వాడుతున్నం. ఇంతకుముందు మలద్వారంల ఇచ్చే డయజిపాం ఉండె. పిల్ల పెద్దగైతుంది, బస్సుల, పెండ్లిల నలుగురి ముంగట బట్టలెట్ల తీస్తం? ఇప్పుడు ఆ బాధ లేదు. కొత్త సీసాను ముందుగాల తుంపర పడేదాక గాలిల నొక్కాలె. జలుబుంటే ముక్కు తుడిచి కొట్టాలె. బడిల పంతులమ్మకు చీటీ జిరాక్స్ ఇచ్చి, ఖాళీ సీసాతోని చూపెట్టినం. చుట్టాలు తాళంచెవులు చేతుల పెడతరు, ఉల్లిగడ్డ వాసన చూపిస్తరు. అవి పెట్టినా పెట్టకున్నా ఫిట్స్ తగ్గేదానికి తేడా లేదు. నోట్ల చెంచా మాత్రం పెట్టనియ్యకుండ్రి, పండ్లు ఊడి గొంతుల పడతయ్.

ఫార్మసీ విద్యార్థి, నాగర్‌కర్నూల్:
ఇంత తొందరగా ఎట్ల పనిచేస్తదంటే, ముక్కు లోపలి పొర పల్చగ ఉంటది, దాని కింద రక్తనాళాలు దండిగ ఉంటయ్. మందు అక్కడికెళ్లి సీదా రక్తంల కలుస్తది. గోలీలెక్క కడుపు, కాలేయం తిరిగి సగం ఖర్చు కాదు. మిడాజోలం కొవ్వుల కరుగుతది కాబట్టి, మెదడుకు కాపలా ఉన్న రక్తనాళాల గోడను అలవోకగ దాటుతది. ముక్కు పైకప్పుల వాసన నరాలున్నయ్, ఆ దారిల రక్తంతో పనిలేకుండ మెదడుకు మందు పంపాలని పరిశోధనలు నడుస్తున్నయ్. అది వేరే సంగతి. ఎలుక ముక్కుల వాసన పొర చానా జాగా ఆక్రమిస్తది, మనిషికి కొంచమే. ఎలుకల ఫలితం మనకు వర్తిస్తదనుకోవద్దు.

అచ్చంపేట తమ్ముడు:
మా నాయనకు అల్జీమర్స్. ముక్కుల ఇన్సులిన్ కొడితే మతి తిరిగొస్తదని ఫోన్‌ల వీడియో వచ్చింది. పైసలు కట్టమంటుండ్రు.

ఫార్మసీ విద్యార్థి, నాగర్‌కర్నూల్:
కట్టకు అన్నా. అమెరికాల చేసిన పెద్ద ట్రయల్ ఫలితం 2020ల వచ్చింది. 12 నెలలు వాడినంక మతిల మేలు కనిపించలే. డాక్టరు ఇచ్చే గోలీలు ఆపకుండ్రి.

దేవరకొండ అమ్మ:
అందరికీ దండాలు. ఎండాకాలం సీసా యాడ పెట్టాలె? మాది రేకుల ఇల్లు.

పాలమూరు సిస్టర్:
కిటికీకి, పొయ్యికి దూరంగ, నీడపట్టున. డబ్బా మీద ఎన్ని డిగ్రీలో రాసుంటది, చూడు. ఎక్స్‌పైరీ తేదీ క్యాలెండర్ల రాసిపెట్టుకో, నెల ముందే కొత్తది తెచ్చుకో.