ఆఫీసు వాలంటీర్లతో ఇంటి రిపేరు: ఏ పని మేం చేయొచ్చు, ఏది పనివాళ్లకి వదలాలి?

ప్రశ్న: మా ఆఫీసు పక్క వీధిలో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటున్నారు. కప్పు రేకులు కారుతున్నాయి, గోడలు చెమ్మెక్కాయి, బాత్రూంలో నేల జారుతోంది. ఒక శనివారం ఇరవై మందిమి వెళ్లి బాగుచేద్దామనుకున్నాం. అందరూ రంగులేద్దామంటున్నారు. ఏర్పాట్లు నావే, టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: రంగుతో మాత్రం వద్దండీ. చెమ్మ గోడకు రంగేస్తే కొన్నాళ్లకే పొక్కులు లేచి ఊడిపోతుంది. ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనిపెట్టాలి. నేల తడి అయితే గోడ అడుగున మొదలై పైకి పాకుతుంది. కప్పు కారితే మరక పైనుంచి దిగుతుంది. పైపు లీకైతే వాన లేని రోజుల్లోనూ తడి ఆరదు. దాన్ని ఆపి, గోడ పూర్తిగా ఆరాకే రంగు. కొత్తగా సిమెంటు పూత పూస్తే మామూలుగా 28 రోజులు ఆగమంటారు. అంటే ఒక్క శనివారంతో అయ్యే పని కాదు, మీ వాళ్లకి ఇప్పుడే చెప్పేయండి.

రేకులు పాతవైతే ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. వాటిని కోయడం, రంధ్రాలు పెట్టడం, గీకడం అస్సలు వద్దు. ఆ దుమ్ము పీలిస్తే ఏళ్ల తర్వాత కూడా ఊపిరితిత్తుల జబ్బులొస్తాయి. పైగా కాలు పెడితే పుటుక్కున విరుగుతాయి. కప్పు, కరెంటు, గ్యాస్ పనులు తెలిసిన పనివాళ్లవే. ఆ కూలి డబ్బు కంపెనీతో ఇప్పించండి, ఇరవై బ్రష్షుల కన్నా ఆవిడకు అదే పెద్ద సాయం.

అడిగినవారు: మరి మా ఇరవై మందికి పనేముంటుంది?

ఇంకొకరి జవాబు: చిన్న ఇంట్లో ఇరవై మంది దూరితే ఆవిడకే ఊపిరాడదు. ఐదారుగురు చొప్పున విడతలుగా వెళ్లండి. సామాను జరపడం, కాలువలో పూడిక తీయడం, తలుపులు సరిచేయడం, బాత్రూంలో జారని పట్టీలు అతికించడం మీరే చేయొచ్చు. పట్టుకునే కడ్డీ మాత్రం గట్టి గోడకే బిగించాలి. ఆవిడ లేచేటప్పుడు చెయ్యి ఎక్కడ వేస్తారో చూసి అక్కడే గుర్తు పెట్టండి. గోడకు ఆనించే నిచ్చెన అయితే నాలుగు అడుగుల ఎత్తుకి అడుగు చొప్పున దాని కాళ్లు గోడకి దూరంగా ఉండాలి, కింద ఒకరు పట్టుకోవాలి.

పాత సామానేదీ ఆవిడని అడగకుండా పారేయకండి. ఫొటోలు కూడా ఆవిడ సరేనంటేనే. ఆ తర్వాత ఏదైనా ఊడిపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఒక నంబరు రాసిచ్చి రండి.

అడిగినవారు: చాలా థాంక్సండీ. ముందు మేస్త్రీని తీసుకెళ్లి కప్పు చూపిస్తాను. రంగుల సంగతి, ఏ రంగో కూడా, గోడలు ఆరాక ఆవిడనే అడుగుతాం.