పీఎస్2 సేవ్‌ల బ్యాకప్: ఎస్‌డీ మెమరీ కార్డు కొనాలా, పెన్‌డ్రైవ్ చాలా?

నల్గొండ_ఫ్యాట్‌పీఎస్2: నా ప్లేస్టేషన్ 2 (పీఎస్2)కి రెండు సోనీ 8 ఎంబీ మెమరీ కార్డులున్నాయి. శాన్ ఆండ్రియాస్, రెజ్లింగ్ ఆటల సేవ్‌లన్నీ (ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచే ఫైళ్లు) వాటిలోనే. ఎస్‌డీ కార్డుతో నడిచే మెమ్‌కార్డ్ ప్రో2 తెప్పించుకోమని దోస్తు ఒకటే పోరు. కస్టమ్స్ కూడా కలిపితే అంత పెట్టాలా అనిపిస్తోంది.

పాలమూరు_పాతాటలు: కొనకు తమ్మీ. ఫ్రీ మెక్‌బూట్ (పీఎస్2లో బయటి ప్రోగ్రాములు నడిపించే సాఫ్ట్‌వేర్) వేసిన మెమరీ కార్డు ఒకటి సంపాదించు, అందులో ఫైళ్లు కాపీ చేసే యూలాంచ్ఎల్ఫ్ ప్రోగ్రాం తెరిచి ఫ్యాట్32 ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్. పీఎస్2ది యూఎస్‌బీ 1.1, నత్తనడకే. అయినా సేవ్‌లు చాలావరకు కేబీల్లోనే ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. కన్సోల్ మెనూలో కాపీ కాని సేవ్‌లు కూడా దీంతో వస్తాయి.

జడ్చర్ల_జాయ్‌స్టిక్: అన్నా, చెప్పడం సులువే. ఆడిన ప్రతిసారీ పెన్‌డ్రైవ్ పెట్టి కాపీ చేసేదెవరు? ప్రో2లో ఆటకో వర్చువల్ కార్డు (ఎస్‌డీలో ఫైలుగా ఉండే మెమరీ కార్డు) పెట్టుకోవచ్చు, 8 ఎంబీ నిండిందని పాత సేవ్ తీసేసే బాధ లేదు. ఎస్‌డీ తీసి కంప్యూటర్‌లో పెడితే ఫైళ్లన్నీ ఒకేసారి వస్తాయి.

పాలమూరు_పాతాటలు: వస్తాయి, తీసి పెడితే! నువ్వు తియ్యవు, నాకు తెలుసు. ఎస్‌డీ కూడా ఫ్లాష్ మెమరీయే కదా, అది పోతే అన్ని ఆటలూ ఒకేసారి పోతాయి. సేవ్ రెండో చోట లేనంతవరకు దాన్ని బ్యాకప్ అనను. "64 ఎంబీ" అని రాసి అమ్మే ఊరూ పేరూ లేని కార్డుల జోలికి మాత్రం ఇద్దరూ పోకండి. నా సీజన్ మొత్తం ఒకదాంట్లో కరప్ట్ అయింది.

వనపర్తి_గేమ్‌బాయ్: మీ పీఎస్2 కార్డు ఫ్లాష్, బ్యాటరీ లేకున్నా సేవ్ ఉంటుంది. మా గేమ్‌బాయ్ ఆటలు వేరు, పోకెమాన్ గోల్డ్, సిల్వర్ క్యాట్రిడ్జిలో సేవ్‌ను పట్టి ఉంచేది సీఆర్2025 బ్యాటరీ. గడియారం కూడా దాని మీదే నడుస్తుంది, అందుకే త్వరగా అయిపోతుంది. మార్చడానికి పీకితే సేవ్ గోవింద. ముందే జీబీఎక్స్‌కార్ట్ లాంటి రీడర్‌తో కంప్యూటర్‌లోకి తీసుకోవాలి. నింటెండో 64 (ఎన్64) మెమరీ కార్డు, అదే కంట్రోలర్ ప్యాక్‌కూ బ్యాటరీయే, సీఆర్2032. ఇక్కడ పెన్‌డ్రైవ్ కథలు నడవవు, డబ్బు పెట్టాల్సిందే.

పాలమూరు_పాతాటలు: దానికి ఒప్పుకుంటా. పీఎస్2కి మాత్రం ఒప్పుకోను.

సూర్యాపేట_స్లిమ్: నాది 90000 సిరీస్ స్లిమ్ (పీఎస్2 సన్న మోడల్). ఫ్రీ మెక్‌బూట్ పని చేయలేదు. ఇక ప్రో2యే గతా?

పాలమూరు_పాతాటలు: ఆ సిరీస్‌లో చివర వచ్చిన వాటికి అది పని చేయదు. మెక్‌బూట్ లాంటి పనే చేసే ఓపెన్‌ట్యూనా వేసిన కార్డు చూడు, స్లిమ్‌లలో నడుస్తుంది.

జడ్చర్ల_జాయ్‌స్టిక్: చూశారా, పెన్‌డ్రైవ్ చాలంటూనే ఇంకో కార్డు కొనిపిస్తున్నాడు 😄

నల్గొండ_ఫ్యాట్‌పీఎస్2: నాది ఫ్యాట్ (పాత లావు మోడల్) కాబట్టి ముందు పెన్‌డ్రైవ్‌తోనే మొదలుపెడతా. ఈ ఆదివారమే రెండు కార్డులూ ఖాళీ చేసి కంప్యూటర్‌లో పెడతా. మెక్‌బూట్ వేసిన కార్డు నల్గొండలో ఎవరి దగ్గరైనా ఉంటే మెసేజ్ పెట్టండి.

పాలమూరు_పాతాటలు: ఖాళీ చెయ్యకు తమ్మీ, కాపీ చెయ్!