లాగొమ్: కొమ్ముతో తిరిగిన మాటా, కట్టుబాటులో పుట్టిన మాటా?

గోథెన్‌బర్గ్ తెలుగు:
స్వీడిష్‌లో ‘లాగొమ్’ వినని రోజు ఉండదు. కాఫీలో పాలు ఎన్ని అంటే లాగొమ్, స్నానానికి నీళ్లు ఎంత వేడి అంటే లాగొమ్. ఎక్కువా తక్కువా కాకుండా సరిపడా అని. మా ఆఫీసులో దీనికి ఒక కథ చెప్పారు. వైకింగులు గుండ్రంగా కూర్చుని తేనెతో చేసిన మద్యం ఒకే కొమ్ములో పోసి చేతులు మార్చుకునేవాళ్లట. చివరివాడి దాకా అందాలంటే ఎవరి వాటా వాళ్లే తాగాలి. ‘లాగెట్ ఒమ్’, అంటే జట్టు చుట్టూ. అదే లాగొమ్ అయిందట. నిజమేనాండీ?

పదమూలం:
కథ బాగుంది కానీ నిలవదండీ. చివరి ‘ఒమ్’ విడి మాట కాదు, పాత స్వీడిష్‌లో చతుర్థీ బహువచన ప్రత్యయం. ‘లాగ్’ అంటే చట్టం, కట్టుబాటు. కట్టుబాటు ప్రకారం, తగినట్టు అని అర్థం. ఇంగ్లీషు ‘లా’ కూడా స్కాండినేవియా పాత భాష నార్స్‌లోని ఈ మాట నుంచి వెళ్లిందే. ‘అప్పుడప్పుడు’ అనే ‘స్టుండొమ్’ చూడండి, ‘స్టుండ్’ అంటే కాసేపు, చివర అదే ప్రత్యయం. అక్కడ ఏ కొమ్మూ తిరగలేదు కదా! మామూలు స్వీడిష్‌లో ఆ విభక్తి ఎప్పుడో పోయింది, ఇలాంటి మాటల్లో గడ్డకట్టి మిగిలింది. మనం ‘క్రమేణా’ అంటాం. అందులో ఉన్నది సంస్కృత తృతీయా విభక్తి అని ఎవరికి గుర్తుంటుంది?

గోథెన్‌బర్గ్ తెలుగు:
‘క్రమేణా’ పోలికతో విషయం అర్థమైంది. కానీ ‘లాగ్’ అంటే ఇవాళ జట్టు అని కూడా కదా. కథ తర్వాత పుట్టినా, నలుగురికీ అందాలన్న భావం మాటలో ఉన్నట్టే నాకు అనిపిస్తోంది.

పదమూలం:
ఆ రెండు అర్థాల ‘లాగ్’కీ మూలం ఒకటే, అందుకే కథ అంత సులువుగా అతుక్కుంది. భావం విషయంలో మాత్రం ఒప్పుకోలేను. ‘లాగొమ్ టిల్ యూల్’ అంటే క్రిస్మస్ వేళకి సరిగ్గా. ‘లాగొమ్ ఓట్ దేయ్’ అంటే నీకు తగిన శాస్తే జరిగింది. వీటిలో పంపకం ఎక్కడుందండీ? తగడం ఉంది. ‘లాగొమ్ అయితేనే మేలు’ అన్న సామెతని పట్టుకుని ఒక జాతి స్వభావాన్నంతా ఈ ఒక్క మాటలో చూపించే పుస్తకాలు చదివితే నాకు బాధేస్తుంది. మీ కాఫీ కప్పు దగ్గర వాళ్లు అడిగేది అంత పెద్ద విషయం కాదు. మీకు ఎన్ని పాలు సరిపోతాయో, అంతే.