బారిష్టర్ పార్వతీశాన్ని మళ్ళీ తెరకెక్కించాలా?

కాలవగట్టు:
నవల గురించి అందరూ మాట్లాడతారు గానీ 1940లో వచ్చిన 'బారిష్టర్ పార్వతీశం' సినిమా ఊసే ఎవరూ ఎత్తరు. మొగల్తూరు కుర్రాడు బారిష్టరు చదువుకని మద్రాసు, కొలంబో మీదుగా ఓడలో ఇంగ్లండు వెళ్తూ దారి పొడుగునా నవ్వులపాలవడం, అదీ కథ. లంకా సత్యం పార్వతీశంగా వేశాడు. దీన్నిప్పుడు వెబ్ సిరీస్‌గా తీయాలని కొందరి కోరిక. నేను మాత్రం వద్దంటాను. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు పల్లెటూరివాణ్ణి చూసి నవ్వుకునే సరుకు అది.

మొగల్తూరు కోడలు:
నవల మళ్ళీ ఒకసారి తిరగెయ్యండి సార్. కథంతా పార్వతీశమే 'నేను' అంటూ చెప్పుకొస్తాడు. కొన్న టోపీ ఆడవాళ్ళదని తెలియక దర్జాగా నెత్తిన పెట్టుకుంటాడు, ఆ సంగతీ తనే చెప్తాడు. తన మీద తను జోకులేసుకునేవాణ్ణి మనం ఎగతాళి చేసేదేముంది?

పాతరీలు:
అసలు విషయం ఇద్దరూ వదిలేశారు. నవల రాసిన మొక్కపాటి నరసింహశాస్త్రి స్వయంగా ఎడింబరోలో చదివొచ్చినాయన. సినిమా తీసిన ఆర్. ప్రకాష్, అదే రఘుపతి వెంకయ్య గారబ్బాయి, 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీసినాయన, సినిమా పని నేర్చుకోడానికి ఇంగ్లండు వెళ్ళాడు. రాసినవాడూ తీసినవాడూ ఇద్దరూ ఓడెక్కినవాళ్ళే. ఫోర్కు ఏ చేత్తో పట్టుకోవాలో తెలియని టెన్షన్ వాళ్ళకీ కొత్త కాదనుకుంటా.

కాలవగట్టు:
వెళ్ళొచ్చినవాడు నవ్వుకోవడం వేరు, టిక్కెట్టు కొన్నవాడు నవ్వడం వేరండీ. పుస్తకంలో 'నేను' ఉంది కాబట్టి టోపీ దగ్గర నవ్వొస్తుంది, వెంటనే అయ్యో పాపం అనీ అనిపిస్తుంది. కెమెరా అతన్ని బయటి నుంచే చూస్తుంది కదా, తెర మీద అదే టోపీ పెడితే జోకర్ అయిపోతాడు. వాయిస్ ఓవర్ పెడతామంటారేమో, పది నిమిషాలకే విసుగొస్తుంది.

మొగల్తూరు కోడలు:
అది తీసేవాడి చేతిలో ఉంది. మొదటి అరగంట మా కాలవ మీదే ఉంచమనండి. ఆ రోజుల్లో మనుషులు భుజాన తాడేసుకుని గట్టు మీంచి పడవ లాగేవాళ్ళు. లోపల కూర్చున్నవాళ్ళు "ఏ ఊరు బాబూ, ఎవరి తాలూకు?" అని ఆరాలు తీస్తుంటే మనవాడు దొరలా బిగుసుకుని కూర్చోవాలి. ఆ పడవలో అతనితోపాటు కూర్చున్న ప్రేక్షకుడు, తర్వాత ఓడలో అతను తెల్లబోతే తెల్లవాళ్ళతో కలిసి నవ్వడు.

పాతరీలు:
కోడలు గారి అరగంటకి నా ఓటు. కాకపోతే పార్వతీశంగా ఏ స్టార్ హీరోనో పెట్టి, ఓడ మీద ఫైటూ, లండన్‌లో డ్యూయెట్టూ దూర్చారంటే మాత్రం నేను కాలవగట్టు గారి పార్టీలోకి వచ్చేస్తా.