సమస్య: ఎస్సు తోడు కాఁగ నేకమయ్యె (ఆటవెలది)

నిర్వాహకుడు: తోడొచ్చాక ఒంటరి కావడమేమిటన్నదే చిక్కు. ఇంగ్లీషు క్రియాపదాల చివర చేరే ఎస్ లాంటి తోకల మీదే పూరించాలి.

తుమ్మెద:
నామవాచకమున నానాత్వమును తెచ్చు
నక్షరమ్ము క్రియకు నంటుకొనగ
వారికేమొ "గో"యె; వాడొక్కడికి "గోజు";
ఎస్సు తోడు కాఁగ నేకమయ్యె.

నిర్వాహకుడు: మెలిక పట్టేశారు. "నానాత్వం" యతి కోసం వచ్చిందని తెలిసిపోతోంది, "బహుత్వం" అయితే సూటిగా ఉండేది. "గోజు"లో చేరింది వట్టి ఎస్ కాదు, ఈఎస్. కానీ ఉచ్చారణ "జు" అని సరిగ్గా రాశారు. "వాక్స్"లో స్, "రన్స్"లో జ్, "వాషెస్"లో ఇజ్ వినిపిస్తాయి. రాతలో ఈ తేడా పూర్తిగా తెలియదు.

పాతచొక్కా:
పూర్వమెన్నొ తోకలుండె నాంగ్లక్రియకు
కాలగతికి నన్ని రాలిపోయె
హీకి షీకి మిగిలె హీనమై యొక తోక
ఎస్సు తోడు కాఁగ నేకమయ్యె.

నిర్వాహకుడు: మొదటి పాదంలో "పూ"కు "లుం"తో యతి కుదరదు. "తోకలెన్నొ యుండె తొలినాటి క్రియలకు" అంటే సరి. రెండో పాదంలో ప్రాసయతి బాగుంది. మూడో పాదంలోనే "ఒక తోక" అనేయడంతో సమస్య బిగి సడలింది. విషయం మాత్రం నిజం. దక్షిణ ఇంగ్లండులో ఒకప్పుడు "కమ్స్"కు బదులు "కమెత్" అనేవారు, ఎస్ ఉత్తరాది నుంచి పాకింది. 1611 నాటి బైబిల్ అనువాదంలో ఇంకా ఎత్ తోకే కనిపిస్తుంది.

గడుగ్గాయి:
గోజులోని తోక గోవుకు లేదాయె
నాటు రాగ "డూ"యె నడుమ దూరి
తోక లాగికొనుచు దొరవలె నిలిచెను
ఎస్సు తోడు కాఁగ నేకమయ్యె.

నిర్వాహకుడు: శభాష్! "గో"ను గోవు చేసి తోక కోశారు. "డజ్ నాట్ గో"లో తోక ఒక్క చోటే, అదీ "డూ" దగ్గరే. "డజ్ నాట్ గోజ్" అనేవారికి వ్యాకరణం పుస్తకం బదులు ఈ పద్యం ఇవ్వొచ్చు. తో-దొ యతి కూడా చెల్లింది.

తుమ్మెద: మరి "హీ కెన్స్" అనరేం?

నిర్వాహకుడు: కెన్, మే, షల్, మస్ట్‌ల రూపాలు మొదట్లో భూతకాలానివి. భూతకాలంలో హీకి ప్రత్యేకమైన తోక లేదు కదా, "హీ వెంట్" అన్నట్టు. అర్థం వర్తమానానికి మారినా రూపం మారలేదు. దీనిమీదా ఒక పూరణ పంపండి, ఈసారి "నానాత్వం" లేకుండా.