పద్మశాలి పటం ఎవరితో గీయించాలి?

ప్రశ్న: మా చిన్నప్పుడు మా పద్మశాలీలకు కథలు చెప్పే కూనపులి వాళ్లు ఊరికొచ్చి, బొమ్మలు గీసిన పొడవాటి గుడ్డ పటం విప్పి మార్కండేయ పురాణం, మా మూలపురుషుడు భావనారుషి కథ చెప్పేవాళ్లు. మా సంఘం భవనంలో అలాంటి పటం పెట్టాలనుంది. ఎవరిని అడగాలి?

జవాబు 1: సిద్దిపేట జిల్లా చేర్యాల వెళ్లండి. మన పటాలే కాదు, గౌడులవి, మాదిగలవి కూడా తరతరాలుగా గీసింది అక్కడి నకాషీ చిత్రకారులే. దయచేసి ఫ్లెక్సీ మాత్రం వేయించకండి.

జవాబు 2: ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పూసి, ఆరాక ఎర్రరంగు మీద బొమ్మలు వేస్తారు కాబట్టి టైమ్ పడుతుంది, తొందరపెట్టొద్దు. కథంతా కావాలంటే చాలా పొడవొస్తుంది, ఖర్చూ అంతే.

జవాబు 3: కథ చెప్పే పెద్దాయన ఎవరైనా ఉంటే వెంట తీసుకెళ్లండి అన్నా, ఏ ఘట్టం తర్వాత ఏది రావాలో ఆయనకే బాగా తెలుస్తుంది.